బెంగళూరులో పాత రేడియో వాల్వులు: తరచుగా అడిగే ప్రశ్నలు

హిందూపురం, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఊళ్లో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఒక పాత రేడియోను వెంట తెచ్చుకుంటారు. పారేయడానికి మనసు రాదు, ఏం చేయాలో తెలియదు. పదిహేనేళ్లుగా వాల్వులు పోగుచేస్తూ, వాటితో ఆంప్లిఫయర్లు కడుతూ ఉన్నందువల్ల అలాంటివాళ్ల ప్రశ్నలు నా దగ్గరికి వస్తుంటాయి. తరచుగా వచ్చేవాటికి నా జవాబులు ఇక్కడ రాస్తున్నాను. వాల్వు వెలగాలని, పని చేయాలని నేను బలంగా నమ్ముతాను. ఈ జవాబులన్నీ ఆ నమ్మకంతోనే రాసినవి.

వాల్వు, ట్యూబు ఒకటేనా?

ఒకటే. ఇంగ్లండు వాళ్లు వాల్వు అన్నారు, అమెరికా వాళ్లు ట్యూబు అన్నారు. మన రేడియో మెకానిక్కులు మొదటి నుంచీ వాల్వు అనే అంటున్నారు కనుక నేనూ అదే వాడతాను. పాఠ్యపుస్తకాల్లో శూన్యనాళిక అని ఉంటుంది. గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక హీటరు క్యాథోడును వేడి చేస్తుంది. వేడెక్కిన క్యాథోడు నుంచి ఎలక్ట్రాన్లు బయటికి వచ్చి, ఎక్కువ వోల్టేజి ఉన్న ఆనోడు వైపు పరుగెడతాయి. మధ్యలో ఉన్న గ్రిడ్ అనే తీగచుట్టకు చిన్న వోల్టేజి ఇస్తే ఆ పెద్ద ప్రవాహం దాని చెప్పుచేతల్లో ఉంటుంది. 1904లో ఫ్లెమింగ్ చేసిన రెండు ఎలక్ట్రోడుల వాల్వుకు గ్రిడ్ లేదు. 1906లో లీ డి ఫారెస్ట్ మూడో ఎలక్ట్రోడును చేర్చాడు. ఆంప్లిఫయరుకు దారి వేసింది ఆ మార్పే.

బెంగళూరుకూ వాల్వులకూ సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధం. 1954లో ప్రభుత్వం స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్ ఉన్నది జాలహళ్లిలో. హాలండుకు చెందిన ఫిలిప్స్ సహకారంతో అక్కడ 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలైంది. మన ఇళ్లలోని సెట్లలో అమెరికా అంకెల కన్నా ఈసీసీ83, ఈఎల్84 వంటి యూరపు పేర్లే ఎక్కువగా కనిపించడానికి ఫిలిప్స్ ప్రభావం ఒక ముఖ్య కారణం. మరుసటి సంవత్సరమే అక్కడ జెర్మేనియం ట్రాన్సిస్టర్ల తయారీ కూడా మొదలైంది. అంటే వాల్వూ, దాన్ని పక్కకు నెట్టిన వస్తువూ ఒకే ఆవరణలో ఏడాది తేడాతో తయారయ్యాయి.

గాజు మీద బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్ పొట్టి పేరు) అనే ముద్ర ఉన్న వాల్వు ఊళ్లోని మీ సెట్టులో కనిపిస్తే, అది ఈ ఊరి నుంచి వెళ్లి తిరిగి ఈ ఊరికే చేరిందన్నమాట. నా మొదటి బెల్ ఈఎల్84 కదిరి దగ్గర ఒక ఇంటి రేడియోలోనిది. ఇప్పటికీ రోజూ సాయంత్రం వెలుగుతోంది.

నాన్నగారి రేడియో అటక మీద ముప్పై ఏళ్లుగా ఉంది. ప్లగ్గు పెట్టి చూడవచ్చా?

దయచేసి పెట్టకండి. ఈ ఒక్క మాట విన్నా చాలు, ఎన్నో రేడియోలు బతుకుతాయి.

ముప్పై ఏళ్లు ఊరికే పడి ఉన్న సెట్టులో వాల్వులు సాధారణంగా బాగానే ఉంటాయి. చెడిపోయేవి కండెన్సర్లు, అంటే కెపాసిటర్లు. మైనం పూసిన కాగితపు కండెన్సరు తేమను పీల్చుకుని లోపల కరెంటును జారవిడుస్తుంది. స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు ముందు ఉండే కండెన్సరు అన్నిటికన్నా ప్రమాదకరం. ముందు వాల్వు ఆనోడు మీది వోల్టేజిలో కొంత దాని గుండా గ్రిడ్ మీదికి చేరుతుంది. దాంతో అవుట్‌పుట్ వాల్వు అదుపు తప్పి కరెంటు లాగుతుంది, దాని వెనక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. మా మేనమామ రేడియో విషయంలో నేను ఆ తప్పే చేశాను. పావుగంట చక్కగా పాడింది, తర్వాత కాలిన వార్నిష్ వాసన వచ్చింది. రెండు రూపాయల వస్తువు మార్చనందుకు, మళ్లీ దొరకని ట్రాన్స్‌ఫార్మరు పోయింది. ఆయన ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు ఇంకా గుర్తుంది.

ముందు దుమ్ము దులిపి, వైర్ల మీద రబ్బరు తొడుగు పొడిపొడిగా రాలుతోందేమో చూడండి. రాలుతుంటే ఆ వైర్లు మార్చాలి. కాగితపు కండెన్సర్లన్నీ తీసి, అంతే విలువ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వోల్టేజి ఉన్న ఫిల్ములవి వేయండి. పవర్ సప్లైలోని పెద్ద ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు కూడా కొత్తవి వేయడమే మంచిది. తర్వాత మెయిన్స్‌కూ రేడియోకూ మధ్య 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును సిరీస్‌లో పెట్టి స్విచ్చు వేయండి. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు ఒక్క క్షణం మెరిసి మసకబారితే సెట్టులో షార్టు లేనట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపండి.

ఇంకో సంగతి. ఆ సెట్లలో చాలావాటిని 220 వోల్టులకు కట్టారు. మీ ఇంట్లో 240 వస్తుంటే 6.3 వోల్టుల హీటరుకు దాదాపు 6.9 అందుతుంది. పది శాతం హెచ్చుతగ్గులను వాల్వు ఓర్చుకుంటుంది, అంటే 5.7 నుంచి 6.9 దాకా. హద్దు మీద నిలబెట్టడం ఎందుకు? వెనక వోల్టేజి ఎంచుకునే మీట ఉంటే పై మెట్టుకు మార్చండి.

మా సెట్టు రేకు తాకితే షాక్ కొట్టింది. ఎర్తింగ్ సమస్యా?

కాకపోవచ్చు. వాల్వుల పేర్లు చూడండి. యూసీహెచ్81, యూబీఎఫ్89, యూఎల్84, యూవై85 వంటి యూ అక్షరంతో మొదలయ్యేవి ఉంటే అది పవర్ ట్రాన్స్‌ఫార్మరు లేని ఏసీ-డీసీ సెట్టు. డీసీ కరెంటు వచ్చే ఊళ్లలో కూడా పాడాలని అలా చేశారు. హీటర్లన్నీ ఒకదాని వెనక ఒకటి 100 మిల్లీ ఆంపియర్ల గొలుసులా ఉంటాయి, చాసిస్ (భాగాలన్నీ బిగించిన రేకు) నేరుగా మెయిన్స్ వైరుకే కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గును తిరగేసి పెడితే చాసిస్ మొత్తం ఫేజు అవుతుంది. గుండీల లోపలి మరలను మైనంతో కప్పిందీ, వెనక అట్ట పెట్టిందీ అందుకే. దానికి ఎర్తు వైరు కలపకండి. మెయిన్స్ నుంచి సెట్టును విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ఆ సెట్టు మీద చేయి వేయకండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు దాన్ని పక్కన పెట్టి, ఇంగ్లిషు ‘ఈ’ (E) అక్షరంతో మొదలయ్యే వాల్వులున్న సెట్టుతో ఆరంభిస్తే మేలు.

వాల్వు మీది పేరును ఎలా చదవాలి?

ఇది నేర్చుకుంటే సంతలో సగం పని అయిపోయినట్టే. యూరపు పేరులో మొదటి అక్షరం హీటరుది: ఈ అంటే 6.3 వోల్టులు, జీ అంటే 5 వోల్టులు, యూ అంటే 100 మిల్లీ ఆంపియర్లు, పీ అంటే 300 మిల్లీ ఆంపియర్లు. పీ వరస ఎక్కువగా పాత టీవీలది. డీ అంటే బ్యాటరీ సెట్ల 1.4 వోల్టులు. తర్వాతి అక్షరాలు లోపల ఏముందో చెబుతాయి. సీ ట్రయోడు (మూడు ఎలక్ట్రోడులది), ఎఫ్ పెంటోడు (అయిదు ఎలక్ట్రోడులది), ఎల్ పవర్ పెంటోడు, ఎం మ్యాజిక్ ఐ (స్టేషను కుదిరిందో లేదో ఆకుపచ్చ వెలుగుతో చూపేది), జెడ్ రెండువైపుల రెక్టిఫయరు (ఏసీని డీసీగా మార్చేది). అంకెల్లో మొదటిది బేసును చెబుతుంది: 3 అయితే ఎనిమిది పిన్నుల ఆక్టల్, 8 అయితే తొమ్మిది పిన్నులు, 9 అయితే ఏడు పిన్నులు. ఇప్పుడు ఈసీసీ83ను చదవండి. 6.3 వోల్టుల హీటరు, రెండు ట్రయోడులు, తొమ్మిది పిన్నులు. దీన్నే అమెరికా వాళ్లు 12ఏఎక్స్7 అంటారు. వాళ్ల పద్ధతిలో ముందున్న అంకె హీటరు వోల్టేజిని రమారమి చెబుతుంది. రెండు హీటర్లను సిరీస్‌లో కలిపితే 12.6 వోల్టులు, విడివిడిగా ఇస్తే 6.3. అందుకే ఒకే వాల్వుకు ఒకచోట ‘ఈ’ (E), మరోచోట 12.

బెంగళూరులో ఎక్కడ దొరుకుతాయి?

ఎస్పీ రోడ్డులో రెసిస్టర్లు, కండెన్సర్లు, సాకెట్లు, వైరు దొరుకుతాయి. వాల్వులు మాత్రం అద్దాల షాపుల్లో కనిపించవు. సందు లోపల, మెట్లెక్కి వెళ్లే పాత దుకాణాల్లో పెద్దవాళ్లను కూర్చుని అడగాలి. ఆ దుకాణాల్లో కొందరితో తెలుగులోనే మాట్లాడవచ్చు, అది మనకు కలిసొచ్చే విషయం. ఆదివారం పొద్దున్నే చిక్కపేట, బీవీకే అయ్యంగార్ రోడ్డు వైపు పరుచుకునే సంతలో తుప్పు పట్టిన టేప్‌రికార్డర్ల మధ్య ఒక్కోసారి పాత సెట్లు వస్తాయి. ఎండ ఎక్కాక వెళ్తే ఏమీ మిగలదు. చెన్నై వెళ్తే రిచీ స్ట్రీటు కూడా చూడండి.

సంతల కన్నా నాకు ఎక్కువ దొరికింది ఊళ్లలోనే. మదనపల్లెలోనో ధర్మవరంలోనో మూతపడిన రేడియో రిపేరు షాపు కుటుంబం దగ్గర అట్టపెట్టెల్లో అలాగే ఉంటాయి. అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు బేరమాడకండి. ఆ పెద్దాయన జీవితమంతా చేసిన పని అది. ఆయన మాటలు కాసేపు వినండి, న్యాయమైన ధర ఇవ్వండి.

కొనేముందు ఏం చూడాలి?

మొదట గాజు పైభాగంలోని వెండి మెరుపు చూడండి. అది గెటర్. లోపల మిగిలిన వాయువును పీల్చుకోవడానికి పూసిన బేరియం. అది పాలలా తెల్లబడిందంటే గాలి దూరింది, ఆ వాల్వు పని అయిపోయింది. గోధుమ రంగు అంచు ఉంటే వాడినదని అర్థం, పనికిరాదని కాదు. తర్వాత మీటరుతో హీటరు తెగిందేమో చూడండి. ఈఎల్84కూ ఈసీసీ83కూ 4, 5 పిన్నుల మధ్య, ఈఎల్34, 6వీ6 వంటి ఆక్టల్ వాటికి 2, 7 పిన్నుల మధ్య కొద్ది ఓములు చూపించాలి. చెవి దగ్గర మెల్లగా తట్టి, లోపల ముక్కలు కదులుతున్న చప్పుడు వస్తుందేమో వినండి.

గాజు మీది పేరును నమ్మేటప్పుడు జాగ్రత్త. మామూలు వాల్వు మీద ఖరీదైన బ్రాండు పేరు మళ్లీ ముద్రించి అమ్మడం ప్రపంచమంతా ఉన్నదే. ఫిలిప్స్ కుటుంబపు వాల్వుల మీద గాజు అడుగున చిన్న కోడు ఉంటుంది. బీ అక్షరంతో మొదలైతే మల్లార్డ్ వారి బ్లాక్‌బర్న్ కర్మాగారం, త్రికోణం ఉంటే హాలండులోని హీర్లెన్. పైన ఒక పేరు, కింద ఇంకో ఊరి కోడు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. కంపెనీలు ఒకరి సరుకును ఇంకొకరి పేరుతో అమ్ముకునేవి. ఎవరు తయారు చేశారో చెప్పేది కోడే.

ఇంటికి తెచ్చాక ముద్రను స్పిరిట్‌తో తుడవకండి. వేలు తగిలినా పోతుంది.

టెస్టరు లేకుండా బాగుందో లేదో తెలుసుకోవడం ఎలా?

పని చేయించి చూడటమే. ఈఎల్84 ఆనోడుకు 250 వోల్టులు ఇచ్చి, క్యాథోడు దగ్గర 135 ఓముల రెసిస్టరు పెడితే, ఆ రెసిస్టరు మీద సుమారు 7.3 వోల్టులు రావాలి. 5 కూడా రాకపోతే క్యాథోడు అలసిపోయింది. అదే సర్క్యూట్లో 2వ పిన్ను మీద, అంటే గ్రిడ్ మీద, డీసీ వోల్టేజి సున్నా ఉండాలి. ప్లస్ చూపిస్తుంటే కండెన్సరు కారుతోంది, లేదా వాల్వులో వాయువు చేరింది. కండెన్సరును ఒక కొస విప్పి మళ్లీ కొలిస్తే ఏదో తేలిపోతుంది. నాకు పెద్ద టెస్టరు ఉన్నా ఈ పరీక్షనే ఎక్కువ నమ్ముతాను.

పాత రేడియోలు కొని, వాల్వులు తీసి అమ్మితే లాభం ఉంటుందా?

ఉండవచ్చు. నేను ఒప్పుకోను. బాగుచేయగలిగిన రేడియోను వాల్వుల కోసం విప్పడం, కాపు కాసే చెట్టును కట్టెల కోసం కొట్టడమే. చెక్క పెట్టె చెదలు తిని, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిన సెట్టయితే సరే, తీయండి. మిగతావాటిని బాగుచేసి, వినేవాళ్లకు ఇవ్వండి.

మొదటిసారి ఏం కట్టాలి?

ఈసీసీ83 ఒకటి, ఈఎల్84 రెండు. సింగిల్ ఎండెడ్ స్టీరియో ఆంప్లిఫయరు, అంటే ఒక్కో వైపుకు ఒకే అవుట్‌పుట్ వాల్వు ఉండేది. ఇంతకన్నా మంచి బడి లేదు.

ఈసీసీ83లో రెండు ట్రయోడులున్నాయి కనుక ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. ఒక్కొక్కటి సంకేతాన్ని 50 రెట్లకు పైగా పెంచుతుంది. ఈఎల్84ను నిండుగా నడపడానికి గ్రిడ్ మీద 4.3 వోల్టులు చాలు. ఫోను నుంచి వచ్చే చిన్న సంకేతానికి ఆ లెక్క సరిపోయి, ఫీడ్‌బ్యాక్‌కు (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చి వక్రతను తగ్గించడానికి) కూడా మిగులుతుంది. 250 వోల్టుల మీద ఒక్కో ఈఎల్84 అయిదున్నర వాట్లకు పైగా ఇస్తుంది. ఇదేం సరిపోతుందని చాలామంది పెదవి విరుస్తారు. ఒక్క వాటుకే 90 డెసిబెళ్లు దాటి పలికే స్పీకరు పెట్టి మామూలు హాల్లో వినండి, పక్కింటివాళ్లు తలుపు తట్టేలా ఉంటుంది.

పవర్ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కొత్తవాళ్లు తడబడతారు. సిలికాన్ డయోడులు వాడితే 200-0-200, అంటే మధ్య కొస నుంచి రెండు వైపులా 200 వోల్టులు వచ్చేలా చుట్టించండి. 200ను 1.414తో గుణిస్తే 283, లోడు మీద తగ్గి మీకు కావలసిన చోటికి వస్తుంది. 250-0-250 చుట్టిస్తే 350 దాటుతుంది, ఈఎల్84 ఆనోడు పరిమితి 300. ఈజెడ్81 వంటి వాల్వు రెక్టిఫయరు వాడితే మాత్రం 250-0-250 సరే, అది తనలో కొంత వోల్టేజిని మింగుతుంది. కరెంటు 150 మిల్లీ ఆంపియర్లు. హీటర్లకు 6.3 వోల్టులు, లెక్క ప్రకారం 1.8 ఆంపియర్లే అయినా 3 ఆంపియర్లకు చుట్టించండి. ఈజెడ్81 పెడితే దానికి ఇంకో ఆంపియరు కలుస్తుంది.

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో పొదుపు చేయకండి. 8 ఓముల స్పీకరును వాల్వుకు 5,200 ఓములుగా చూపించాలంటే చుట్ల నిష్పత్తి ఇరవై అయిదున్నరకు ఒకటి. ఇందులో డీసీ కూడా పారుతుంది కనుక కోర్‌లో గాలి సందు తప్పనిసరి. మోటార్లు చుట్టేవారికి ఈ మాట చెప్పకపోతే సందు లేకుండా పేర్చి ఇస్తారు, బాస్ మొత్తం పోతుంది. కట్టిన తర్వాత స్పీకరు కలపకుండా ఎప్పుడూ వాల్యూమ్ పెంచకండి.

మొదటి నిర్మాణానికి అచ్చు బోర్డు వద్దు. ట్యాగ్ స్ట్రిప్పుల మీద టంకం వేసి కట్టండి. హీటరు వైర్లను జడలా మెలిపెట్టి, రేకు మూలకు అంటించి నడపండి. ఎర్తు అంతా ఒకే చోట కలపండి. గుర్రుమనే చప్పుడుతో వచ్చిన ఆంప్లిఫయర్లలో ఎక్కువ వాటిలో ఈ రెండింటిలో ఒకటి తప్పుగా ఉండటం చూశాను.

ప్రాణాపాయం ఎంత?

నిజంగా ఉంది. స్విచ్చు తీసి ప్లగ్గు పీకినా ఎలక్ట్రోలిటిక్‌లలో 300 వోల్టులు నిలిచే ఉంటాయి. వాటికి అడ్డంగా శాశ్వతంగా 220 కిలో ఓముల, 2 వాట్ల రెసిస్టరు కలపండి. 47 మైక్రోఫారడ్‌లను అది దాదాపు ఒక నిమిషంలో ఖాళీ చేస్తుంది. అయినా మీటరు పెట్టి చూశాకే చేయి పెట్టండి. కరెంటు ఉన్నప్పుడు కొలవాల్సి వస్తే ఎడమ చేయి జేబులో ఉంచండి, చేతి నుంచి చేతికి కరెంటు గుండె మీదుగా పోకుండా.

ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట పడిపోయే స్విచ్చు) ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లున్నారు. ట్రాన్స్‌ఫార్మరు అవతలి వైపు వోల్టేజి మెయిన్స్ నుంచి విడిపోయి ఉంటుంది కనుక అక్కడ షాక్ కొడితే ఆర్‌సీసీబీ పడదు. అది మిమ్మల్ని కాపాడదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు పని చేయకండి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద నడపవచ్చా?

ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు అయితే నడపవచ్చు. స్క్వేర్ వేవ్ రకం అయితే ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కి మూలుగుతుంది, రేడియోలో చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

లోపల నీలం వెలుగు కనిపిస్తోంది. పాడైందా?

గాజు లోపలి గోడ మీద సన్నటి నీలం పొర అయితే ఏమీ కాదు, పవర్ వాల్వుల్లో మామూలే. ఎలక్ట్రోడుల మధ్య ఊదారంగు పొగలా ఉంటే వాయువు చేరింది, తీసేయండి. ఆనోడు రేకు ఎర్రబడితే ఆలోచించకుండా స్విచ్చు ఆపండి.

ఈ రోజుల్లో మీడియం వేవ్‌లో ఏమైనా వినిపిస్తుందా?

వినిపిస్తుంది. బెంగళూరు ఆకాశవాణి 612 కిలోహెర్ట్జ్ మీద పగలు బలంగా ఉంటుంది. పొద్దు గూకాక ఆకాశంలో పైన ఉండే అయానోస్పియర్ అనే విద్యుత్ పొరల్లో కింది పొర కరిగిపోయి దూరపు తరంగాలు పైనుంచి తిరిగి దిగుతాయి. అప్పుడు 738 మీద హైదరాబాదు, 837 మీద విజయవాడ కోసం ముల్లు తిప్పండి. అడ్డు వచ్చేవి మన ఇళ్లలోని ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు. అవన్నీ ఆపి, డాబా మీద పది మీటర్ల వైరు ఏరియల్ కట్టి వినండి. రేడియో సిలోన్ తెలుగు పాటల కోసం చెవులు రిక్కించి కూర్చున్న తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. సెట్టు బాగయ్యాక మొదట ముల్లు తిప్పాల్సింది వాళ్లే.

వాల్వుల స్వరం నిజంగా మెరుగా?

కొలతల్లో ట్రాన్సిస్టరుదే పైచేయి. సింగిల్ ఎండెడ్ వాల్వు స్వరంలో కలిపే వక్రతలో (డిస్టార్షన్‌లో) రెండో హార్మోనిక్ ఎక్కువ, అది అసలు స్వరానికి ఒక స్థాయి పైది, కనుక చెవికి పరాయిగా అనిపించదు. ఘంటసాల గొంతును, ఈమని శంకరశాస్త్రి వీణను ఈఎల్84 మీద వినడం నాకు ఇష్టం. గిటారు వాయించేవాళ్లకు మాత్రం ఇది ఇష్టానికి మించిన విషయం. ఈసీసీ83ను హద్దు దాటించినప్పుడు వచ్చే ఆ గరుకుదనమే వాళ్ల వాద్యంలో భాగం.

కొత్త వాల్వులు ఇంకా తయారవుతున్నాయా?

అవుతున్నాయి. స్లొవేకియాలో జేజే, రష్యాలోని సరాటోవ్, చైనా. ఈసీసీ83, ఈఎల్84, ఈఎల్34, 6ఎల్6 వంటివి సులభంగా దొరుకుతాయి. రేడియోల్లో స్టేషను సంకేతాన్ని వేరే ఫ్రీక్వెన్సీకి మార్చే మిక్సరు వాల్వులు, మ్యాజిక్ ఐలు మాత్రం పాత నిల్వలే గతి. సేకరించాలనుకునేవాళ్లకు నా సలహా ఏమిటంటే, పేరున్న ఆడియో వాల్వుల వెంట పడకుండా ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈఎం84 వంటివి దాచండి. అవి లేక ఆగిపోయిన రేడియోలే ఎక్కువ. మ్యాజిక్ ఐ తెరలోని ఆకుపచ్చ పూత వాడకంతో మసకబారుతుంది కనుక, కొనేటప్పుడు వెలిగించి చూపమని అడగండి.

చెడిపోయిన వాల్వులను ఏం చేయాలి?

గాజు పగలగొట్టకండి. లోపల శూన్యం ఉంటుంది కనుక పెంకులు ఎగురుతాయి. పగలక తప్పకపోతే మందపాటి గుడ్డలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. ఆక్టల్ బేసు ఉన్నదైతే బేసును జాగ్రత్తగా విడదీసి, పాత జిగురు గీకేసి, ఎనిమిది పిన్నులకూ ఎనిమిది వైర్లు టంకం వేయండి. పైన ఒక సాకెట్టు బిగించి ఆ వైర్లను దాని పిన్నులకు వరసగా కలపండి. ఇప్పుడు దాన్ని రేడియోలోని ఆక్టల్ సాకెట్టులో గుచ్చి, అసలు వాల్వును దాని పైన పెడితే చాసిస్ తిరగేయకుండానే పైనుంచి వోల్టేజీలు కొలవవచ్చు. వైర్ల అతుకుల మీద తొడుగు వేయడం మరవకండి. నా బల్ల మీద ఉన్నది కాలిపోయిన 6వీ6తో చేసింది. పన్నెండేళ్లుగా వాడుతున్నాను.